పాపం ఎవరి పద్దు? ‘ఐదో హెన్రీ’ మీద తెగని తగాదా

యుద్ధం గెలిచిన రాజు కథను నాటకం కడితే తగాదా పడటానికి ఏముంటుంది? గెలిచాడు, జనం జేజేలు కొట్టారు, తెర పడింది. షేక్‌స్పియర్ 1599లో రాసిన ‘ఐదో హెన్రీ’ మాత్రం తెర పడ్డాకే అసలు గొడవ మొదలైన నాటకం. రెండు శతాబ్దాలుగా విమర్శకులు రెండు జట్లు కట్టి వాదించుకుంటున్నారు. ఒక జట్టు లెక్కలో హెన్రీ ధర్మప్రభువు, దైవభక్తుడు, సైనికుల్లో సైనికుడు. రెండో జట్టు లెక్కలో పక్కవాడి రాజ్యం మీద కన్నేసి దానికి దేవుడి పేరు పెట్టిన దండయాత్రికుడు. ఆ వాదాలన్నీ వరసగా చదువుకుంటూ పోతే నాకు ఒకటి తోచింది. రెండు జట్లూ రాజు మనసులో ఏముందో తవ్వుతున్నాయి, నాటకమేమో అతని చేతులవైపు చూడమంటోంది. కీలకమైన ప్రతి నిర్ణయం దగ్గరా ఆ నిర్ణయం బరువును హెన్రీ ఇంకొకరి నెత్తికి ఎలా ఎత్తుతాడన్నదే ఇందులోని అసలు కథ.

తెలియనివారి కోసం ముందు జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను. హెన్రీ తండ్రి రెండో రిచర్డును దించి గద్దె ఎక్కినవాడు. కొడుకు యువరాజుగా ఉన్నన్నాళ్లూ లండన్‌లోని ఈస్ట్‌చీప్ సారాకొట్టులో ఫాల్‌స్టాఫ్ అనే ముసలి లావుపాటి సర్దారుతో, బార్డాల్ఫ్ లాంటి ఆకతాయిలతో తిరిగాడు. తండ్రి చనిపోతూ ఒక చిట్కా చెప్పాడు: సింహాసనం మీద మన హక్కు సంగతి నలుగురూ తలుచుకోకుండా ఉండాలంటే వాళ్లను పరాయి దేశపు తగవుల్లోకి దించు. పట్టం కట్టుకున్న కొడుకు ఫాల్‌స్టాఫ్‌ను నువ్వెవరో ఎరగనన్నాడు. 1415లో ఫ్రాన్సు మీదికి పోయి, హార్‌ఫ్లర్ రేవు పట్టణాన్ని ముట్టడించి, అక్టోబరు 25న అజిన్‌కోర్ట్ దగ్గర తనకంటే పెద్ద సైన్యాన్ని ఓడించాడు.

ఈ నాటకాన్ని అది పుట్టిన ఏడాది నుంచి విడదీసి చదవలేం. 1599 మార్చిలో ఎసెక్స్ ప్రభువు పెద్ద సైన్యంతో ఐర్లండు తిరుగుబాటు అణచడానికి కదిలాడు. అయిదో అంకం ముందు కోరస్, అంటే సూత్రధారిలాంటివాడు, ఐర్లండు నుంచి సేనాని గెలిచి వస్తే లండన్ జనం ఎలా ఎదురెళ్తారో ఊరిస్తూ చెబుతాడు. ఆ సేనాని ఎసెక్సే అని ఎక్కువమంది పండితుల మాట. ఆయన సెప్టెంబరులో వచ్చాడు, గెలుపు లేకుండా, రాణి సెలవు లేకుండా. 1601 ఫిబ్రవరిలో తిరగబడి తల పోగొట్టుకున్నాడు. ఆ తిరుగుబాటుకు ముందురోజు ఆయన మనుషులు షేక్‌స్పియర్ నాటక కంపెనీకి మామూలు రాబడి మీద 40 షిల్లింగులు అదనంగా ఇచ్చి, రిచర్డును గద్దె దించే నాటకాన్ని ఆడించుకున్నారు. ఇంగ్లండు చరిత్ర మీద ఏది అచ్చు వెయ్యాలన్నా ప్రివీ కౌన్సిల్ అనుమతి ఉండాలని 1599 జూన్‌లోనే బిషప్పులు ఆంక్ష పెట్టి ఉన్నారు. రాజుల కథ రాసేవాడు మాట మాటకూ వెనక్కి చూసుకోవలసిన కాలం అది.

అందుకేనేమో అచ్చులోనే ఇద్దరు హెన్రీలు కనిపిస్తారు. 1600లో వచ్చిన చిన్న ప్రతి, 1623లో వచ్చిన ఫోలియో అనే పెద్ద ప్రతి పాఠంలో దాదాపు సగం. అందులో కోరస్ లేదు, బిషప్పులు మాట్లాడుకునే మొదటి సీను లేదు. ఎందుకు పోయాయన్నది వేరే పెద్ద చర్చ. సెన్సారు భయమని కొందరు, ప్రదర్శనకు కుదించారని కొందరు అంటారు. పర్యవసానం మాత్రం స్పష్టం. ఆ సీను తీసేస్తే హెన్రీ కడిగిన ముత్యంలా బయటపడతాడు.

ఏముంది ఆ సీనులో? కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు, ఈలీ బిషప్పు గుసగుసలాడుకుంటుంటారు. చర్చి ఆస్తిలో పెద్ద సగం లాగేసుకునే బిల్లు ఒకటి మళ్లీ తలెత్తింది. దాన్ని తప్పించుకోవడానికి ఆర్చిబిషప్పు రాజుకు బేరం పెట్టాడు. ఫ్రాన్సు యుద్ధానికి చర్చి ఇదివరకెన్నడూ ఇవ్వనంత సొమ్ము ఇస్తుంది. తరవాతి సీనులో అదే పెద్దమనిషి సభలో నిలబడి, ఆడవాళ్ల వైపు నుంచి వారసత్వం చెల్లదనే సాలిక్ చట్టం జర్మనీలో సాలా, ఎల్బ్ నదుల మధ్య నేలదే తప్ప ఫ్రాన్సుది కాదని 60 పంక్తులకు పైగా ఏకరువు పెడతాడు. మొదలుపెట్టకముందే హెన్రీ అతన్ని హెచ్చరిస్తాడు: ఒళ్లు దగ్గర పెట్టుకుని చెప్పు, నీ మాట మీద ఎంత నెత్తురు పారుతుందో చూసుకో. రాజుకు మనస్సాక్షి ఉందనడానికి ఇదే రుజువని మొదటి జట్టువాళ్లు అంటారు. ఉండవచ్చు. ఆ ఒక్క మాటతో నెత్తురంతా ఆర్చిబిషప్పు పద్దులోకి జమైపోయిందన్నది కూడా నిజమే. ఉపన్యాసం ముగిశాక హెన్రీ మరోసారి సూటిగా అడిగితే, పాపమేదైనా ఉంటే తానే మోస్తానని ఆర్చిబిషప్పు ఒప్పుకుంటాడు కూడా.

ఆ వాదంలో ఇంకో మెలిక ఉంది. ఆడవారి వైపు హక్కు చెల్లుతుందంటే, ఇంగ్లండు గద్దె మీద హెన్రీ కంటే మోర్టిమర్ వంశానికే ఎక్కువ హక్కు. సౌతాంప్టన్ రేవులో రాజును చంపబోయి పట్టుబడ్డ ముగ్గురిలో కేంబ్రిడ్జి ప్రభువు ఆ ఇంటి అల్లుడు. నాటకంలో హెన్రీ వాళ్లను ఫ్రెంచి బంగారానికి అమ్ముడుపోయిన ద్రోహులుగానే చూపుతాడు. తనను కదిలించింది బంగారం ఒక్కటే కాదని కేంబ్రిడ్జి అంటాడు గానీ, ఆ రెండోదేమిటో చెప్పకుండానే సీను కదిలిపోతుంది. అక్కడా శిక్ష బరువు రాజు మొయ్యడు. తాగి తనను తిట్టిన ఒక పిచ్చివాణ్ణి వదిలెయ్యమంటారా అని ముందు వాళ్లనే అడుగుతాడు. వద్దు, శిక్షించాలి అని ముగ్గురూ అన్నాక నేరపత్రాలు చేతికిచ్చి, నాలోని దయను చంపింది మీ సలహానే అంటాడు. టెన్నిస్ బంతుల సంగతీ అంతే. ఫ్రెంచి యువరాజు ఎగతాళిగా బంతులు పంపితే, ఇక పుట్టబోయే విధవల ఏడుపంతా ఆ యువరాజు ఉసురేనని హెన్రీ మండిపడతాడు. యుద్ధం చెయ్యాలన్న నిర్ణయం మాత్రం రాయబారులు సభలోకి అడుగుపెట్టకముందే అయిపోయింది. హార్‌ఫ్లర్ కోట గోడ కింద నిలబడి, లొంగకపోతే నా సైనికులు మీ ఆడపిల్లలను చెరుస్తారు, పసిగుడ్లను ఈటెలకు గుచ్చుతారు అని బెదిరించినప్పుడు కూడా ఆ తప్పు లొంగనివాళ్లదే. కోట తలుపులు తెరుచుకోగానే అందరినీ దయగా చూడమని ఆజ్ఞ. అసలు చరిత్రలో ఆ ఊరి పేదలను, ఆడవాళ్లను, పిల్లలను బయటికి వెళ్లగొట్టారన్నది నాటకంలోకి రాలేదు.

ఇదంతా కళ్లెదుట ఉన్నా హెన్రీని మొదట గట్టిగా నిలదీసినవాడు 1817లో విలియం హాజ్లిట్. సొంత ఇంటిని చక్కబెట్టుకోవడం రాక పక్కింటి మీద పడ్డాడని, తన గద్దె హక్కే అనుమానం కాబట్టి ఇంకొకరి గద్దె కావాలన్నాడని ఆయన ఎత్తిపొడుపు. రంగస్థలం మీద మాత్రం లండన్ టవర్ బోనులో చిరుతపులిని చూసి ముచ్చటపడ్డట్టు అతన్ని చూసి ముచ్చటపడతామని ఒప్పుకున్నాడు. హాజ్లిట్ నెపోలియన్ అభిమాని. వాటర్లూ ముగిసి రెండేళ్లయింది, పరాయి సైన్యాల అండతో పాత రాజవంశం ఫ్రాన్సు గద్దె ఎక్కి కూర్చుంది. ఆయన కోపంలో 1415 ఎంత, 1815 ఎంత అన్నది తేల్చడం కష్టం. ఆ తరవాత కూడా ఇదే వరస. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1919లో, జెరాల్డ్ గూల్డ్ ఈ నాటకమంతా రాచరికం మీద, యుద్ధం మీద వ్యంగ్యమని వాదించాడు. రెండో యుద్ధం నడుస్తుండగా 1944లో టిల్యార్డ్ షేక్‌స్పియర్ చరిత్ర నాటకాలన్నిటినీ దైవనిర్ణీతమైన ఒక క్రమం కింద సర్దాడు. ఆ చట్రంలో ‘ఐదో హెన్రీ’ ఒక్కటే ఆయనకు రుచించలేదు. ఆయన పుస్తకంలో నాకు అన్నిటికంటే విలువైన విషయం ఆ అసంతృప్తే.

అదే 1944లో లారెన్స్ ఒలీవియే తీసిన సినిమా ప్రభుత్వ ప్రోత్సాహంతో వచ్చి, కమాండోలకు, విమానాల నుంచి దూకే సైనికులకు అంకితమైంది. ద్రోహుల సీను లేదు, హార్‌ఫ్లర్ బెదిరింపు లేదు, బార్డాల్ఫ్ ఉరి లేదు, బందీల హత్య లేదు. పాఠం దాదాపు సగం కోతకు పోయింది. బ్రిటన్‌లో వీలుకాక యుద్ధ దృశ్యాలను తటస్థంగా ఉన్న ఐర్లండులో, అక్కడి జనాన్నే సైనికులుగా పెట్టి తీశారు. ఎసెక్స్ సంగతి గుర్తున్నవారికి ఇది చిన్న నవ్వు తెప్పిస్తుంది. ఆ సినిమాలో ఆకాశం నిండా ఎగిరే బాణాలు నాటకంలో ఎక్కడా లేవు. షేక్‌స్పియర్ రణరంగంలో మన కళ్లముందు జరిగే పోరు ఒక్కటే: ఫాల్‌స్టాఫ్ గుంపులోని పిరికి పిస్టల్ తనకంటే పిరికివాడైన ఒక ఫ్రెంచి పెద్దమనిషిని పట్టుకుని 200 క్రౌన్లకు బేరమాడటం.

ఆ 200 క్రౌన్ల దగ్గర ఆగాలి. నాలుగో అంకం ఆరో సీను చివర యుద్ధఘోష వినిపిస్తుంది. ఫ్రెంచివాళ్లు మళ్లీ కూడగట్టుకున్నారనుకుని, ఎవరి బందీని వాళ్లు చంపెయ్యండని హెన్రీ ఆజ్ఞ ఇస్తాడు. 1600 ప్రతిలో పిస్టల్ అక్కడే ఉండి, తనకొచ్చిన అరకొర ఫ్రెంచిలో గొంతు కొయ్యమన్న కేక వేస్తాడు. అంటే తన 200 క్రౌన్ల గొంతు తానే కోసుకుంటున్నాడు. మరుసటి సీనులో వెల్ష్ కెప్టెన్ ఫ్లూయెలెన్, ఇంగ్లీషు కెప్టెన్ గవర్ వస్తారు. ఫ్రెంచివాళ్లు మన సామాన్ల దగ్గరున్న కుర్రాళ్లను చంపేశారు, అందుకే రాజు బందీల గొంతులు కోయించాడు, ఎంత మంచి రాజు అంటాడు గవర్. మనం చూసిన వరస అది కాదు. ఆజ్ఞ ముందు పడింది, కుర్రాళ్ల కబురు తరవాత వచ్చింది. కాసేపటికి హెన్రీ వచ్చి ఫ్రాన్సులో అడుగుపెట్టాక ఇప్పుడే మొదటిసారి కోపమొచ్చిందని, చేతిలో ఉన్నవాళ్ల గొంతులు కోస్తానని మళ్లీ అంటాడు. ఒకే హత్యకు రెండు కారణాలు, ఒకటి యుద్ధానిది, ఇంకోటి ధర్మానిది. రాజు నోరు తెరవకముందే ఆ రెండోదాన్ని ఒక కెప్టెన్ తయారుచేసి పెట్టాడు. అధికారం చుట్టూ ఇలాంటి సమర్థన తనంతట తానే ఎలా పుట్టుకొస్తుందో ఇంత తక్కువ మాటల్లో చూపిన సీను నాకు వేరే తెలియదు.

ఈ సీనును న్యాయవాదులు కూడా వదల్లేదు. అంతర్జాతీయ న్యాయ పండితుడు థియొడోర్ మెరాన్ 1993లో దీనిమీద ఒక పుస్తకమే రాసి, హెన్రీని ఇప్పటి చట్టంతో కాకుండా మధ్యయుగపు యుద్ధనియమాలతో తూచాడు. తరవాత ఆయనే యూగోస్లావియా యుద్ధనేరాల ట్రిబ్యునల్‌కు అధ్యక్షుడయ్యాడు. 2010 మార్చిలో వాషింగ్టన్‌లో సరదాగా ఒక ఉత్తుత్తి కోర్టు పెట్టి హెన్రీని బోనెక్కించారు. అమెరికా సుప్రీంకోర్టు జడ్జీలు రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, శామ్యూల్ అలిటో కూడా ఆ పీఠం మీద కూర్చున్నారు. యుద్ధం న్యాయమైనదా అన్నదాని మీద జడ్జీలకు ఏకాభిప్రాయం కుదరలేదు. బందీల హత్యలో మాత్రం అందరూ ఒక్కమాటగా దోషి అన్నారు. అజిన్‌కోర్ట్ కాలంలో ఫ్రెంచి చరిత్రకారులే హెన్రీని పెద్దగా తప్పుపట్టలేదన్నది గుర్తుంచుకుంటే, ఆ తీర్పు రాజు గురించి ఎంత చెబుతుందో మన కాలం గురించి అంత చెబుతుంది.

1989లో కెనెత్ బ్రానా తీసిన సినిమాలో బురద, వాన, నెత్తురు అన్నీ ఉన్నాయి. బార్డాల్ఫ్ ఉరి రాజు కళ్లముందే పడుతుంది, రాజు కంట నీరు తిరుగుతుంది. మూలంలో కన్నీళ్ల ఊసే లేదు. చర్చిలో చిన్న పూజాఫలకం దొంగిలించిన పాత నేస్తానికి ఉరి అని తెలిశాక హెన్రీ ఇలాంటివాళ్లందరికీ ఇదే శాస్తి అని ఊరుకుంటాడు. చర్చి సొమ్ముతో దేశం మీదికి దండెత్తినవాడు చర్చి ఫలకం ఎత్తుకున్నవాణ్ణి ఉరితీశాడన్నమాట. యుద్ధ వ్యతిరేక చిత్రమని పేరు తెచ్చుకున్న ఈ సినిమా కూడా బందీలను చంపే ఆజ్ఞను వినిపించలేదు. కథానాయకుణ్ణి ప్రేమించక తప్పని సినిమాకు ఆ ఒక్క వాక్యం గొంతు దిగదు. రంగస్థలానికి ఆ ఇబ్బంది తక్కువ. 2003లో, ఇరాక్ యుద్ధం మొదలైన కొద్ది వారాలకే, లండన్ నేషనల్ థియేటర్‌లో నికొలాస్ హైట్నర్ ఈ నాటకాన్ని నేటి సైనిక దుస్తుల్లో ఆడించాడు. హెన్రీగా వేసింది నల్లజాతి నటుడు ఏడ్రియన్ లెస్టర్. ఆర్చిబిషప్పు సాలిక్ చట్టం ఏకరువు పెడుతుంటే యుద్ధానికి కారణాలు వెతికే మంత్రులు ప్రేక్షకులకు గుర్తొచ్చారంటే వింత లేదు.

ఇన్ని వైపుల నుంచి లాగినా తెగని తాడును చూసి, 1977లో నార్మన్ రాబ్కిన్ ఒక వ్యాసంలో ఒక ఉపాయం చెప్పాడు. ఒకవైపు నుంచి చూస్తే బాతు, ఇంకోవైపు నుంచి చూస్తే కుందేలు కనిపించే బొమ్మ ఉంటుంది కదా, ఈ నాటకం అలాంటిది. రెండూ నిజమే, రెండూ ఒకేసారి కనబడవు. ఈ వ్యాసాన్ని ప్రస్తావించని ‘ఐదో హెన్రీ’ విమర్శ ఆ తరవాత అరుదు. 1980లలో స్టీఫెన్ గ్రీన్‌బ్లాట్ ఇంకో అడుగు వేసి, అధికారమే తన మీద అనుమానాన్ని పుట్టిస్తుందని, దాన్ని తనలో ఇముడ్చుకుని మరింత బలపడుతుందని వాదించాడు. మనం రాజును శంకించే కొద్దీ అతని వైభవానికి మరింత లొంగిపోతామట. గట్టి వాదనే. అయితే ఈ ఇద్దరి దగ్గరా నాకో పేచీ ఉంది. రాబ్కిన్ బొమ్మలో చూసేవాడి కన్నే అంతా, బొమ్మ లోపల ఎవరూ ప్రశ్న అడగరు. గ్రీన్‌బ్లాట్ లెక్కలో అడిగిన ప్రశ్న అడిగిన క్షణమే రాజుగారి ఖజానాలో చేరిపోతుంది. నాటకంలో మాత్రం ఒక మామూలు సిపాయి ప్రశ్న అడుగుతాడు, దానికి జవాబు రాదు.

యుద్ధానికి ముందురాత్రి. హెన్రీ ఒకరి దుప్పటి అరువు తీసుకుని, తానెవరో తెలియనివ్వకుండా శిబిరంలో తిరుగుతూ ముగ్గురు సిపాయిల దగ్గర కూర్చుంటాడు. రాజు పక్షాన న్యాయం ఉందని అతనంటే, అది మనకు తెలియని సంగతి అంటాడు విలియమ్స్. జాన్ బేట్స్ సర్దిచెప్పబోతాడు. రాజు తప్పు చేస్తే చేశాడు, మనం చెప్పింది చేశాం కాబట్టి మనకు పాపం అంటదు. విలియమ్స్ అక్కడ ఆగడు. ఈ యుద్ధమే న్యాయం కాకపోతే రాజు పెద్ద లెక్క అప్పజెప్పాలి. తెగిన కాళ్లు, చేతులు, తలలు తీర్పురోజున ఒక్కచోట చేరి ఫలానా చోట చచ్చామని అరుస్తాయి. కొందరు అప్పులు తీర్చక, కొందరు భార్యాబిడ్డలను దిక్కులేకుండా వదిలి పోయారు. హెన్రీ జవాబు సుదీర్ఘంగా సాగుతుంది. తండ్రి సరుకుతో పంపిన కొడుకు సముద్రంలో పాపిగా చస్తే ఆ పాపం తండ్రిదా? యజమాని డబ్బు తీసుకెళ్తున్న నౌకరును దొంగలు చంపితే నేరం యజమానిదా? సిపాయి సేవ రాజుది, సిపాయి ఆత్మ సిపాయిదే. వినడానికి నున్నగా ఉంటుంది. విలియమ్స్ కూడా ఎవరి పాపం వారిదేనని ఒప్పుకుంటాడు. మళ్లీ చదివితే తెలుస్తుంది, హెన్రీ వేరే ప్రశ్నకు జవాబిచ్చాడని. సిపాయి సొంత పాపాలు ఎవరివన్నది విలియమ్స్ అడగలేదు. యుద్ధం అన్యాయమైతే చావులు ఎవరివి అన్నాడు. తండ్రి కొడుకును సరుకుకు పంపాడు, చావడానికి పంపలేదు. రాజు పంపేదే చంపడానికి, చావడానికి.

అందరూ వెళ్లాక హెన్రీ ఒంటరిగా మోకరిల్లుతాడు. లెక్క అతనికి తెలుసునని అక్కడ బయటపడుతుంది. రిచర్డు శవాన్ని మళ్లీ గౌరవంగా పూడ్పించాడు, 500 మంది పేదలకు ఏటా జీతమిచ్చి ప్రార్థన చేయిస్తున్నాడు, రెండు ప్రార్థనామందిరాలు కట్టించాడు. ఇవేవీ చాలవని కూడా అతనే అంటాడు. నాటకం మొత్తం మీద అతను నిజంగా తలవంచే చోటు ఇదే. అప్పుడు కూడా దేవుణ్ణి మరిచిపొమ్మని వేడుకునేది తన తండ్రి చేసిన తప్పును. తన తప్పు మాట రాదు.

తెల్లవారాక వచ్చే క్రిస్పిన్ పండుగ ఉపన్యాసం అందరికీ తెలిసిందే. రాయబారం పద్యాలకు వన్స్‌మోర్ కొట్టిన తెలుగు ప్రేక్షకుడికి దాని పట్టు గురించి వేరే చెప్పక్కర్లేదు. ఈరోజు నాతో నెత్తురు చిందించినవాడు ఎంత తక్కువ పుట్టుక పుట్టినా నాకు తమ్ముడే అంటాడు రాజు. సాయంత్రం దూత చనిపోయినవారి పట్టీ తెస్తాడు. ఫ్రెంచివాళ్లు 10 వేలు. ఇంగ్లీషు వైపు యార్క్ డ్యూక్, సఫోక్ ప్రభువు, ఇంకో ఇద్దరు పేరున్నవాళ్లు. మిగిలినవాళ్లంతా కలిపి పాతికమందే అని చదివి ముగిస్తాడు హెన్రీ. ఉదయం తమ్ముళ్లైనవాళ్లు సాయంత్రానికి అంకెలో చేరిపోయారు. ఈ అంకెలు హోలిన్‌షెడ్ చరిత్ర నుంచి వచ్చినవి. నేటి చరిత్రకారుల్లో ఆన్ కర్రీ సైన్యాల తేడా కూడా ఇంత లేదని, ఇంగ్లీషువాళ్లు 9 వేల దాకా, ఫ్రెంచివాళ్లు 12 వేల దాకా ఉంటారని 2005లో లెక్కగట్టింది. ఆ లెక్కతో ఏకీభవించనివాళ్లూ ఉన్నారు. గెలుపు దేవుడిదని, అది తమ ఘనతని ఎవరు చెప్పుకున్నా మరణశిక్ష అని హెన్రీ చాటిస్తాడు. చావులు సిపాయిల ఆత్మల మీదికి పోతే, గెలుపు దేవుడి ఖాతాలో పడింది.

ముందురాత్రి చీకట్లో ఆ వాదం తగవు దాకా పోయి, గెలిచి బతికితే తేల్చుకుందామని విలియమ్స్, ముసుగులో ఉన్న రాజు చేతితొడుగులు మార్చుకున్నారు. యుద్ధమయ్యాక అసలు సంగతి బయటపెట్టి, నువ్వు తిట్టింది నన్నే అంటాడు హెన్రీ. మీరు మీలాగా రాలేదు, మామూలు మనిషిలా వచ్చారు, కాబట్టి తప్పు మీదే అంటాడు విలియమ్స్. నాటకంలో హెన్రీ ముఖం మీద తప్పు నీదని చెప్పి, దాన్ని అతని పద్దులోనే ఉంచగలిగినవాడు ఇతనొక్కడే. రాజు తొడుగు నిండా బంగారు క్రౌన్లు పోసి ఇమ్మంటాడు. పక్కనున్న ఫ్లూయెలెన్ తన వంతుగా 12 పెన్నీలు ఇవ్వబోతే, నీ డబ్బు నాకొద్దని విలియమ్స్ ముఖం మీదే చెప్పేస్తాడు. రాజుగారి బంగారానికి ఏమన్నాడో షేక్‌స్పియర్ రాయలేదు. తీసుకున్నాడా, కింద పడేశాడా, మాట్లాడకుండా నిలబడ్డాడా అన్నది ప్రతి దర్శకుడూ తేల్చుకోవలసిందే. ఒలీవియే నుంచి హైట్నర్ దాకా దండయాత్ర మీద వాళ్ల అభిప్రాయమేమిటో తెలుసుకోవడానికి క్రిస్పిన్ ఉపన్యాసం కంటే ఈ అర నిమిషమే నమ్మకమైన కొలత అని నా అభిప్రాయం. విలియమ్స్ అన్న పేరు ఫోలియో రంగసూచనలో ఉంది. సంభాషణల్లో ఎవరూ అతన్ని పేరు పెట్టి పిలవరు.

చివరి అంకం నేరుగా 1420 ట్రువా ఒప్పందానికి దూకుతుంది. ఫ్రెంచి రాకుమారి కాథరిన్‌తో హెన్రీ సరసం ఆడే సీను ముచ్చటగానే ఉంటుంది, ఆమె ఒప్పందంలో మొదటి షరతు అన్నది మరిచిపోగలిగితే. ఆపైన కోరస్ వచ్చి 14 పంక్తుల్లో అంతా ముగించేస్తాడు. హెన్రీ పోయాడు, పసివాడు గద్దె ఎక్కాడు, రాజ్యాన్ని నడిపే చేతులు ఎక్కువై ఫ్రాన్సు చేజారింది, ఇంగ్లండు నెత్తురోడింది. 1422లో హెన్రీ చనిపోయేనాటికి కొడుక్కి తొమ్మిది నెలలు. ఫ్రాన్సును పోగొట్టిన ఆ తప్పు కూడా ఇక్కడ ‘చాలామంది’దే, ఎవరి పేరూ లేదు. అలా పోగొట్టుకున్న కథను ఆరో హెన్రీ నాటకాలుగా లండన్ ప్రేక్షకులు అప్పటికి కొన్నేళ్ల కిందటే చూసేశారు, కోరస్ ఆ సంగతి వాళ్లకు గుర్తుచేసి మరీ దిగిపోతాడు.